ఎక్‌స్టసీ: ఒళ్లు తెలియని ఆనందం

ఎక్‌స్టసీ అనే ఇంగ్లిషు మాటకు మూలం గ్రీకు ‘ఎక్‌స్టాసిస్’. ‘ఎక్’ అంటే బయట, ‘స్టాసిస్’ అంటే నిలబడడం. మనిషి తనలోంచి తాను బయటికి వచ్చేయడమని భావం. లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లిషులో చేరింది. మొదట్లో ఇది సంతోషానికే పరిమితం కాదు. భయం, శోకం, ఉన్మాదం, ఏది మతి తప్పించినా ఇదే మాట. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’లో రాకుమారుడి పిచ్చికి అతని ప్రేయసి ఒఫీలియా వాడిన పేరు ఇదే. క్రైస్తవ భక్తులు దైవానుభూతికి వాడుకున్నారు. రోమ్‌లోని సాంతా మరియా దెల్లా విత్తోరియా చర్చిలో, 17వ శతాబ్దంలో శిల్పి బెర్నినీ చెక్కిన, దైవానుభూతిలో మునిగిన సెయింట్ తెరెసా పాలరాతి విగ్రహంలో పాత అర్థాలన్నీ ఒక్క ముఖంలోనే కనిపిస్తాయి: వాలిన రెప్పలు, విడివడిన పెదవులు. అది బాధో సుఖమో తేల్చి చెప్పలేం.

మహదానందమనే అర్థం క్రమంగా మిగతావాటిని పక్కకు నెట్టింది. 1980లలో ఒక మత్తుమందుకూ ఈ పేరు తగిలించారు. అమ్మేవాళ్ల తెలివి అది. తెలుగులో ‘ఆనందం’ అని సరిపెడితే సగం అర్థమే వస్తుంది. ‘పరవశం’ చాలా దగ్గరి మాట.