నోటు మీద లేనివాళ్లు

డబ్బుకు ఫొటోలు తీయడమేమిటని మా గదిలోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఏ సర్కారైనా తన గురించి తాను ఏమనుకుంటుందో తెలియాలంటే దాని నోటు చూడాలి. భాష రాకపోయినా బొమ్మలు చాలు.

1995 నాటి ఒమన్ వంద బైసల నోటునే చూడండి. ఆకుపచ్చది. ఒకవైపు సుల్తాన్ కాబూస్, పక్కన ఫలజ్, అంటే కొండల నీళ్లను ఊళ్లకు పారించే పాతకాలపు కాలువ. వెనక పొడవాటి కొమ్ముల తెల్ల ఓరిక్స్. వేటగాళ్ల దెబ్బకు 1972లో ఈ ఎడారిలో ఆ జింక కనబడకుండా పోయింది. 1982లో మళ్లీ తెచ్చి వదిలారు. పోయినదాన్ని నిలబెట్టుకున్నామన్న కథ కదా, నోటెక్కింది. తర్వాతి సంగతి మాత్రం ఎక్కలేదు: ఆ జింకల అభయారణ్యాన్ని తొంభై శాతం కుదించాక, 2007లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి కొట్టేసింది. ఆ జాబితాలోంచి ఒక చోటును తీసేయడం అదే మొదలు.

అసలు 1970 దాకా ఇక్కడ ఎక్కువగా నడిచింది మన రూపాయే. దొంగ బంగారం కొనుగోళ్లకు మన విదేశీ మారకం తరలిపోతోందని, 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం విడిగా నోట్లు వేసింది. రంగు వేరు, నంబరు ముందు జెడ్ అక్షరం, సింహాలు మాత్రం అశోకుడివే! 1970లో సొంత రియాలు వచ్చింది, ‘మస్కట్, ఒమన్ సల్తనత్’ పేరుతో. అదే ఏడాది జులైలో కాబూస్ తండ్రిని దించి గద్దెనెక్కాడు. దేశం పేరులోంచి మస్కట్ పోయింది, నోట్లూ మారాయి. ఆయన బొమ్మ మాత్రం వెంటనే రాలేదు. తొందరపడలేదు, పెద్దమనిషి! 1995 నోట్లు 2024 ఆఖరుతో చెల్లకుండా పోయాయి. ఇప్పుడు గద్దె మీద ఉన్నది సుల్తాన్ హైతమ్.

ఇన్ని కోటలు, కాలువలు, జింకలు ఉన్న నోట్ల మీద నేను వెతికేది పనివాణ్ణి. ఈ నోట్లు విడుదల చేసే సెంట్రల్ బ్యాంకు మస్కట్‌లోని ఈ రూవిలోనే ఉంది. కాస్త దూరంలోనే, ఇంటికి డబ్బు పంపే ఎక్స్ఛేంజీల ముందు జీతాల రోజున మనవాళ్ల వరస: కడప, కోనసీమ, జగిత్యాల. అందుకే నోటును బల్ల మీద పరిచి తీయను. పట్టుకున్న చేయి కూడా పడాలి. సిమెంటుకు పగిలిన బొటనవేలు, గోరు చుట్టూ తెల్లటి పొర, దాని కింద నలిగిన సుల్తాన్ తలపాగా.

మొన్న ఒక జగిత్యాల మేస్త్రీని అడిగితే నోటు పట్టుకుని నిలబడ్డాడు.

“నా మొఖం రాకుండ తియ్యన్నా. చెయ్యైతే ఏం గాదు. గని, ఇయ్యాల రేటెంతున్నది?”