గోడకు ఇవతల... నేవీ ఊరు!

రెండు ట్రంకుపెట్టెలు, ఓ సూట్‌కేసు, భుజమ్మీద నిద్రపోతున్న బిడ్డ... విశాఖపట్నం స్టేషన్లో రైలు దిగిన కుటుంబాన్ని చూడగానే ఆటోవాలా అడిగేస్తాడు, 'నేవీయా సార్?' అని. ఆ క్రాఫు చూస్తే తెలిసిపోదూ! వచ్చింది హర్యానా నుంచి కావచ్చు, కేరళ నుంచి కావచ్చు, పక్కనున్న శ్రీకాకుళం నుంచే కావచ్చు. తూర్పు నౌకాదళంలో పోస్టింగు వచ్చిందంటే కొన్నేళ్లపాటు ఇదే సొంతూరు. మరి, ఈ ఊరితో పరిచయం ఎక్కడ మొదలుపెట్టాలి?

నౌకా స్థావరంతోనే మొదలుపెడదామంటే కుదరదు. పొడవాటి గోడ, గేటు దగ్గర కాపలా, ఫొటోలు తీయరాదంటూ బోర్డు. అయ్యగారికి గుర్తింపు కార్డు ఉంది కాబట్టి లోపలికెళ్తారు. ఇంటావిడకు మాత్రం ఊరే దిక్కు. అందుకే బస్సెక్కడమే మేలు!

స్టాపు పేరే చరిత్ర

గాజువాక వైపు వెళ్లే బస్సులో కండక్టరు 'ఎన్ఏడీ... ఎన్ఏడీ' అని అరుస్తాడు. విశాఖలో పుట్టి పెరిగినవాళ్లలోనూ చాలామందికి అదో కూడలి పేరు, అంతే. నిజానికది నేవల్ ఆర్మమెంట్ డిపో... అంటే నౌకాదళ ఆయుధాగారం! ఇక స్థావరం పక్కనే ఉన్న 'సింధియా' సంగతి. గ్వాలియర్ రాజుల ఊరేమో అనుకుంటారు కొత్తవాళ్లు. కాదు, సింధియా అనే స్టీమర్ల కంపెనీ 1941లో ఇక్కడ నౌకల కర్మాగారానికి పునాది వేసింది. 1948లో నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగిన 'జల ఉష' నౌక తయారైంది అక్కడే. ఆ తర్వాత అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. కంపెనీ వెళ్లిపోయింది, పేరు మాత్రం బస్టాపులో మిగిలిపోయింది.

వీటన్నిటికీ మూలం డాల్ఫిన్స్‌ నోస్. సముద్రంలోకి ముక్కు చాచినట్టుండే ఈ కొండ అలల నుంచీ, గాలి నుంచీ రేవుకు అడ్డునిలుస్తుంది. 1933లో ఓడరేవు మొదలైందీ, 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పాటైందీ దాని అండ చూసుకునే. ఎదురుగా ఉన్న మూడు గుట్టల మీద ఓ చర్చి, ఓ దర్గా, ఓ వేంకటేశ్వరుడి గుడి ఉన్నాయి. రేవులోకి వచ్చే ఓడలకూ, వెళ్లే ఓడలకూ ముగ్గురి దీవెనా ఉన్నట్టే!

అద్దాలు అదిరిన రాత్రి

ఈ గోడ ఎందుకో తెలియాలంటే 1971 డిసెంబరు 3 రాత్రిని తలచుకోవాలి. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచాలని పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ దీవుల వైపు భద్రంగా ఉంది. అర్ధరాత్రి వేళ సముద్రంలో పెద్ద పేలుడు. తీరంలో ఇళ్ల కిటికీ అద్దాలు అదిరాయంటారు. ఘాజీ తొంభైమందికి పైగా నావికులతో మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాడివల్లేనని మన నౌకాదళం, ప్రమాదవశాత్తూ జరిగిందని పాకిస్థాన్ చెబుతాయి. నీటిమీద చమురు తెట్టునూ, తేలుతున్న వస్తువులనూ చూసి కబురు చెప్పింది మాత్రం ఇక్కడి మత్స్యకారులే. ఆ యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో ఆర్కే బీచ్‌లో 'విక్టరీ ఎట్ సీ' స్తూపం కట్టారు.

ఎన్నాళ్లో తెలియదు

గ్యాస్ కనెక్షన్, స్కూలు సీటు, పాలవాడు... ఇవన్నీ కుదిరేలోగానే ఓడ బయల్దేరుతుంది. ఎక్కడికి, ఎన్నాళ్లకు అన్నది ఇంట్లోవాళ్లకూ పూర్తిగా చెప్పరు. భాష రాని ఊళ్లో, సగం విప్పిన పెట్టెల మధ్య, పిల్లాడితో ఆమె ఒక్కతే. అప్పుడు చేయందించేది పక్క క్వార్టర్లోని ఆవిడ. జ్వరమొస్తే కల్యాణి ఆసుపత్రికి దారి చూపిస్తుంది. మల్కాపురం దుకాణాల్లో హిందీతో నెట్టుకురావచ్చని ధైర్యం చెబుతుంది. సాయంత్రం బీచ్‌లో ముంత మసాలా, ఆదివారం సింహాచలం... నెల తిరిగేసరికి 'ఏటండీ' అనడం కూడా వచ్చేస్తుంది.

తెరుచుకున్న తలుపు

ఇవన్నీ చూశాక ఆమె తప్పకుండా చూడాల్సింది ఒకటుంది. అదే, బీచ్ రోడ్డులో ఇసుక మీద సేదతీరుతున్న కురుసుర. 1969లో నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 31 ఏళ్లు పనిచేసి 2001లో విశ్రాంతి తీసుకుంది. మరుసటేడాది మ్యూజియంగా మారింది. పొడవు 91 మీటర్లు. చూడ్డానికి పెద్దదే. లోపలికెళ్తే తెలుస్తుంది అసలు సంగతి! గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి. టార్పెడోల పక్కనే పడకలు. సూర్యుడు కనిపించడు, స్నానానికి నీళ్లుండవు, ఇంటికి ఫోన్ ఉండదు. డెబ్భైమందికి పైగా అందులోనే రోజుల తరబడి! ఇవన్నీ చెప్పే గైడ్లు కూడా నౌకాదళంలో చేసి రిటైరైనవాళ్లే.

భర్త ఎక్కిన ఓడను ఆమె చూడలేకపోవచ్చు. కానీ ఈ ఇరుకు దారిలో నాలుగడుగులు వేస్తే, ఇంటికొచ్చినవాడు మొదటి రెండ్రోజులూ ఊరికే వరండాలో కూర్చుని ఆకాశం ఎందుకు చూస్తాడో అర్థమవుతుంది. స్థావరం గేటు తెరుచుకోకపోయినా, అందులోకో చిన్న తలుపు ఇక్కడుంది.

రోడ్డుకు అటువైపు టీయూ-142 విమానం కూడా 2017 నుంచి మ్యూజియమే. పిల్లాడు దానికోసం పేచీ పెడతాడు. అది చూశాక తీరంలో నిలబడితే, దూరంగా నీళ్ల మీద దీపాలు. అందులో నాన్న ఓడ ఏదని అడుగుతాడు. ఆమెకూ తెలియదు. వాడు అన్నింటికీ చెయ్యి ఊపుతాడు.

మర్నాడు చేపల బుట్ట దించుతూ అడుగుతుంది అమ్మకాలావిడ, 'బాబు ఎప్పుడొస్తాడమ్మా?' అని. ఆవిడ ఇంట్లోనూ సముద్రం మీదికి వెళ్లినవాళ్లుంటారు. ఆ ప్రశ్న తెలుగులోనే అర్థమైన రోజున, కొత్తగా వచ్చిన ఆ ఇల్లాలు విశాఖ మనిషైపోయినట్టే!