అంచెగుఱ్ఱములు

పోయిన వేసవిలో మా యింట నొక చిన్న కలహము జరిగినది. మావారు పాఠశాలకు బోవుటకై విద్యుత్తు స్కూటరు కొనవలెనని సంకల్పించిరి. మేముండునది హైదరాబాదులో నొక యద్దెయింటి రెండవ యంతస్తు. బండి క్రింద నుండును. బ్యాటరీని మాత్రము విప్పి పైకి దెచ్చి, రాత్రి పిల్లలు పరుండు గదిలోనే ఛార్జి పెట్టవలెను. 2022 ఏప్రిలులో నిజామాబాదునందును విజయవాడయందును ఇండ్లలో నట్లుంచిన బ్యాటరీలు రాత్రివేళ ప్రేలి, యొక్కొక్క చోట నొక్కరు మరణించిరి. ఆ వార్తను మేము మఱవలేదు. అటుపిమ్మట ప్రభుత్వమువారు పరీక్షలను కఠినము చేసిరని మావారు వాదించిరి. అది నిజమే. అయినను తల్లికి వాదముతో నిద్ర పట్టునా?

మా క్రిందివాటాలో నొక ఆటో తోలువారి కుటుంబమున్నది. ఆ యిల్లాలు మా మాటలు విని, "అక్కయ్యా, మేము బ్యాటరీని ఇంటికే తేము. అది ఇచ్చి మఱొకటి తెచ్చుకొందురు, అంతే" అనెను. మేమును ఆమెయు నొకనాడు ఆ చోటు చూడబోతిమి. బీరువావంటి ఇనుపపెట్టె, దానినిండ వరుసగా అరలు. ఆమె భర్త శక్తి యుడిగిన బ్యాటరీలను ఖాళీ యరలలో నుంచగానే నిండినవి యున్న యరలు తెఱచుకొన్నవి. మేము చోద్యము చూచుచుండగనే పని ముగిసినది.

మాకు వెంటనే వంటగ్యాసు సిలిండరు స్ఫురించినది. సోదరీమణులారా, ఖాళీదిచ్చి నిండినది పుచ్చుకొనునప్పుడు ఆ యినుపబుడ్డి మనదా, పరులదా యని యెన్నడైన విచారించితిమా? 2020 ఆగస్టునుండి మనదేశమున బ్యాటరీ లేకయే విద్యుద్వాహనము నమ్మి, నమోదు చేయవచ్చును. బండి వెలలో బ్యాటరీదే పెద్దపాలు గనుక ఆ కుటుంబమునకు అప్పు తగ్గినది. పూర్వము దూరప్రయాణములలో అంచె అంచెకు గుఱ్ఱములను మార్చెడివారు. అలసినది మేయుచుండ బండి యాగెడిది కాదు. బాహుకుడు ఋతుపర్ణుని ఒక్కదినమున విదర్భకు జేర్చినది గుఱ్ఱములను మార్చి కాదు. కాని సారథులందఱును నలులు కారు గదా!

అయితే కష్టము లేకపోలేదు. ఒక సాయంకాలము ఏ యరలోను నిండిన బ్యాటరీ లేక ఆయన గంటకుపైగా వేచియుండెను. బాడుగలు దొరకు వేళ యది. ఇంటికి వచ్చి ఆయన అన్నము సరిగా తినలేదట. రెండు వీథుల కావల వేఱొక సంస్థవారి పెట్టె కలదు గాని, వారి బ్యాటరీ యీ బండిలో నమరదు. తైవానులో 2015 మొదలు స్కూటర్లకు ఈ మార్పిడి సాగుచున్నది. పలు కంపెనీల బండ్లు ఒకే బ్యాటరీని వాడనారంభించుటచే నది నిలిచినది. ఇజ్రాయేలులో కార్లకై 2007లో ఇట్టి యేర్పాటు తలపెట్టిన సంస్థయో, ఒక్క రకపు కారునే నమ్ముకొని 2013లో దివాలా తీసినది. బ్యాటరీలు పరస్పరము అమరవలెనని 2022 ఏప్రిలులో నీతి ఆయోగువారు ముసాయిదాలో వ్రాసిరి. మా వీథులకు ఆ మాట యింకను రాలేదు.

మావారి పాఠశాల దారిలో మార్చుచోటు ఒక్కటియు లేదు. కావున మేమే కొంత దిగివచ్చితిమి. ఇంటి యజమానురాలిని బ్రతిమాలి, మెట్లకు దూరముగా ప్రహరీగోడ ప్రక్క రేకునీడను ప్లగ్గు పెట్టించితిమి. బ్యాటరీ మా గడప దాటి లోనికి రాదు. మావారు రాత్రి పరుండబోవు ముందు ఒకమారు దిగి చూచి వత్తురు. ఆయన నిద్రించిన పిదప మేము మఱొకమారు.