ముల్లు బరువు

రికార్డు ప్లేయర్ ఎంపిక ఇంట్లో ఉన్న రికార్డులతోనే మొదలవుతుంది. రక్షణ రంగ సంస్థలు భారత్ డైనమిక్స్ 1970లో, మిధాని 1973లో ఏర్పడ్డాక హైదరాబాద్‌లోని కంచన్‌బాగ్ చేరిన కుటుంబాలది ఎల్పీల కాలం. ఘంటసాల భగవద్గీత లాంటి ఎల్పీకి నిమిషానికి 33⅓ చుట్లు చాలు. అంతకుముందు తరం లక్క రికార్డులకు మాత్రం 78 వేగమూ, వెడల్పైన ముల్లూ కావాలి.

డబ్బు తక్కువైనప్పుడు చూడవలసింది పెట్టె మెరుపు కాదు, ముల్లు బరువు. సూట్‌కేసు ఆకారపు చవక ప్లేయర్లలో ఉండే సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టుకునే భాగం) 5 గ్రాముల దాకా గాడిని నొక్కుతుంది. అయస్కాంత కార్ట్రిడ్జ్‌కు సాధారణంగా 2 నుంచి 3 గ్రాములు చాలు. మళ్లీ దొరకని రికార్డులున్న ఇంట్లో ఈ తేడాకే ఖర్చు పెట్టడం న్యాయం. ఆడియో-టెక్నికా ఎల్పీ60ఎక్స్ వంటి తొలిమెట్టు యంత్రంలో అయస్కాంత కార్ట్రిడ్జ్, మార్చుకోగల ముల్లు, సన్నని సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీఆంప్ మూడూ ఉంటాయి. కాబట్టి స్టీరియోకు ఫోనో ఇన్‌పుట్ లేకపోయినా ఆక్స్‌కు కలిపి వినవచ్చు. అయితే ఈ యంత్రం 78 వేగంతో తిరగదు.

పాతబస్తీలో గురువారం సాగే జుమ్మేరాత్ బజార్‌లో పాత యంత్రం కనబడితే, పళ్లెం ఊగకుండా తిరుగుతోందా, బెల్టు సాగిందా, దానికి సరిపడే ముల్లు ఇంకా దొరుకుతోందా అని చూసుకోవాలి. అమెరికా బంధువులు తెచ్చేదైతే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే సరిపోదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడిది 50. సింక్రోనస్ ఏసీ మోటారు ఆరో వంతు నెమ్మదిస్తుంది. 33⅓ కాస్తా 28కి పడిపోయి, ఘంటసాల శ్రుతి దిగిపోతుంది. డీసీ మోటారు యంత్రాలకు ఈ చిక్కు లేదు, సరైన అడాప్టర్ ఉంటే చాలు.