ఆటలమ్మ పోసిన ఇంట్లో ఉగాది

ఆటలమ్మకూ ఉగాదికీ దాదాపు ఒకటే కాలం. చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో ఈ జబ్బు పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. పండగ నాటికి వీధిలో ఏదో ఒక గుమ్మానికి మామిడాకుల బదులు వేపమండ వేలాడుతుంటుంది. అది చూసి చుట్టాలు వెనుదిరుగుతారు. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా, అంటే సుమారు వారం రోజులు, జబ్బు ఇతరులకు అంటుకుంటుంది కాబట్టి ఆ పాత ఆనవాయితీ మంచి వైద్యమే.

ఆ ఇల్లు మాత్రం జబ్బును శత్రువులా చూడదు. అమ్మవారు వచ్చింది, చల్లగా చూసి వెళ్లాలి అంటుంది. పొయ్యి మీద తిరగమోత వేయరు, మాంసం వండరు, గట్టిగా కసురుకోరు. రోగికి మజ్జిగన్నం, కొబ్బరినీళ్లు. దురద పెడితే గోళ్లు తగలకుండా లేత వేపరెమ్మతో నిమురుతారు. ఈ మర్యాదలో చాలా భాగం మశూచి నేర్పిందే. తీవ్రరూపంలో అది సోకినవాళ్లలో పదిమందికి ముగ్గురు పోయేవారు. మన దేశంలో 1975తో అది ఆగింది; ప్రపంచంలోనే లేదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. భయం పోయింది, మర్యాద మిగిలింది. అమ్మవారు కదా అని డాక్టరు దగ్గరికి వెళ్లకపోవడం మాత్రం మర్యాద కాదు, మొండితనం. పెద్దవాళ్లలో, గర్భిణుల్లో ఆటలమ్మ న్యుమోనియా దాకా పోవచ్చు. ఎసైక్లోవిర్ లాంటి మందు పొక్కులు కనబడిన మొదటిరోజే మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

తగ్గాక నీళ్లు పోస్తారు. పసుపు, వేపాకు వేసిన గంగాళం పొద్దుటి నుంచి పెరట్లో ఎండకు ఉంటుంది. నీళ్లు గోరువెచ్చనయ్యాక, పచ్చిగా ఉన్న చెక్కులు ఊడకుండా చేత్తో మెల్లగా ఒత్తుతూ పోయాలి. ఆ పని ఇదివరకే ఆటలమ్మ పోసిన మనిషిది, అమ్మమ్మో, మేనత్తో. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రావడం అరుదని ఊళ్లకు టీకాల కన్నా చాలా ముందే తెలుసు. పండగ చీర మడత విప్పకుండా, పక్కింటివాళ్లు పంపిన ఉగాది పచ్చడి నిలబడే నాలిక్కి రాసుకుని, రాత్రంతా విసనకర్ర విసిరింది ఆమే. ఆమెకు ఎవరూ కృతజ్ఞతలు చెప్పరు. చెబితే “ఇదేం చోద్యం, నేనేమన్నా పరాయిదాన్నా?” అని కోప్పడుతుంది కూడా. అందుకని ఆ రుణం గుడిదారి పడుతుంది: చలివిడి, పానకం, పెరుగన్నం, తెలంగాణలోనైతే పోచమ్మకు బోనం. మొక్కు అమ్మవారి పేరు మీదే, కానీ ప్రసాదంలో మొదటి ముద్ద ఎవరి చేతిలో పడుతుందో గమనిస్తే లెక్క తెలిసిపోతుంది.

కోలుకున్న మనిషికి పండగ మొదలయ్యేది తిరగమోతతో. ఇన్నాళ్లకు ఆవాలు చిటపటమంటాయి, ఇంగువ ఇల్లంతా అల్లుకుంటుంది. ఉత్త చారన్నమే రెండోసారి వడ్డించుకుంటాడు. బొబ్బట్లు పక్కనే ఉన్నా వాటి వైపు చూడడు.

ఉత్తరాంధ్రలో ఇలాంటి ఇళ్లకు ఒక వెసులుబాటుంది. అనకాపల్లి నూకాంబిక జాతర ఉగాది ముందురోజు, కొత్త అమావాస్యతో మొదలై నెల్లాళ్లు సాగుతుంది. పండగనాడు గడప దాటలేనివాళ్లు, మచ్చలింకా మానని పిల్లల్ని చంకనేసుకుని ఆ నెలలో ఏదో ఒక ఆదివారం వచ్చి వరసలో నిలబడతారు. మడత విప్పని ఆ చీరకూ అప్పుడే మోక్షం.