అర్ధరాత్రి ముగ్గు

ముందే చెప్పేస్తున్నాను, మీరు నవ్వకూడదు. ఇంటిల్లిపాదీ పడుకున్నాక దుప్పటి ముసుగులో ఫోన్ పెట్టుకుని ఆటలాడిన మనిషిని నేను. చిన్నపిల్లనేం కాదు, అప్పటికి యాభై మూడేళ్ళు! పిల్లల చేతుల్లోంచి ఫోన్ లాక్కుని "కళ్ళు పోతాయి, చదువు పోతుంది" అని ఎన్నేళ్ళు తిట్టానో. ఆ నోటితోనే ఈ మాట చెప్పాల్సి రావడం నాకూ సిగ్గుగానే ఉంది. కానీ విన్నాక మీరే చెప్పండి.

2022 ఆగస్టులో ఓ పెళ్ళికెళ్ళి మావారూ నేనూ స్కూటర్ మీద తిరిగొస్తున్నాం. అప్పుడే వాన వెలిసింది, రోడ్డు నున్నగా ఉంది. మలుపు దగ్గర ఎదురుగా లారీ. దాని లైట్లు కళ్ళలో పడ్డాయి, అంతే గుర్తు. మావారికి కాలు విరిగింది, ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. నాకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతకుమించి ఏమీ లేదు. ఆర్నెల్లకి ఆయన మళ్ళీ రైతుబజారుకెళ్ళి బేరాలాడటం మొదలుపెట్టారు. గండం గడిచిందని అందరూ సంతోషించారు.

నాకు మాత్రం గడవలేదండీ. కళ్ళు మూస్తే చాలు, ఆ లైట్లు మీదికొచ్చేవి. గుండె దడదడలాడుతూ లేచి కూచునేదాన్ని. ఎవరితో చెప్పుకోను? దెబ్బ తగిలింది ఆయనకి, నిద్ర పట్టంది నాకు! విన్నవాళ్ళు ఏమనుకుంటారు? పగలంతా వంటా, ఆయన మందులూ, అత్తయ్యగారి పత్యం. రాత్రయితే గోడ గడియారం చూస్తూ పడుకోవడం.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దసరాకి వచ్చి నా కళ్ళ కింద నలుపు చూసి అడిగింది. దానికి మాత్రం చెప్పాను. "డాక్టర్ దగ్గరకి వెళ్దాం పదమ్మా" అని తీసుకెళ్ళింది. మందులు రాసిచ్చారు, కొన్నాళ్ళు వాడాను, మేలే చేశాయి. (మీలో ఎవరికైనా ఇలాంటి బాధ ఉంటే దాచుకోకండి, ముందు డాక్టర్ దగ్గరకే వెళ్ళండి. నా ఆటల కబుర్లు ఆ తరువాత.) వెళ్ళేముందు అది నా ఫోన్‌లో ఓ ఆట పెట్టి, "నిద్ర పట్టనప్పుడు ఇది తిప్పుతూ ఉండు" అంది.

దాని పేరు ఇన్‌ఫినిటీ లూప్. తెర మీద గళ్ళలో విరిగిన గాజుముక్కల్లా వంపు గీతలుంటాయి. ఒక్కో ముక్కని వేలితో తాకితే అది తిరుగుతుంది. అన్ని ముక్కల కొసలూ ఒకదానితో ఒకటి కలవాలి, ఒక్క కొస కూడా విడిగా మిగలకూడదు. గడియారం పెట్టి తొందరపెట్టరు, ఓడిపోయావనరు. మొత్తం కలవగానే ఓ నగిషీ తయారవుతుంది. చూసి, ఇంకోటి మొదలుపెట్టుకోవడమే.

మొదటి రాత్రి పది కలిపాను. ఆ కాసేపూ లైట్లు రాలేదు.

ఈ ఆటలకి పెద్దక్క ఎవరో తెలుసా? టెట్రిస్. మీ పిల్లలు తొంభైల్లో బ్యాటరీలు వేసుకుని టిక్కు టిక్కుమని ఆడిన బ్రిక్ గేమ్ గుర్తుందా? పైనుంచి ఇటుకలు జారుతుంటే వరుసలు పేర్చేది! అది టెట్రిస్‌కి నకలే. అసలుది 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన, సోవియట్ సైన్స్ అకాడెమీ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తూ తయారుచేశాడు. నాలుగేసి చదరాలు అతికించిన ఏడు రకాల ముక్కలు, ఆటంతా వాటితోనే. ఇక ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్ అనే ఆవిడ బృందం 2009లో ఓ ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. ప్రమాదాల దృశ్యాలున్న సినిమా చూపించి, అరగంట తరువాత కొందరిచేత పది నిమిషాలు టెట్రిస్ ఆడించారు. ఆడినవాళ్ళకి ఆ తరువాతి వారం రోజుల్లో ఆ దృశ్యాలు కళ్ళముందుకి రావడం తగ్గిందట. వాళ్ళు ఆడింది అరగంటకి, నేను ఆడింది రెండు నెలలకి. కాబట్టి నాకు పనిచేసింది అదేనని గొప్పలు పోను. కానీ మనసులో బొమ్మలు కనబడే చోటుని ఇంకో బొమ్మతో నింపితే మొదటిదానికి చోటు చాలదన్న మాట నాకు బాగా నచ్చింది. ఇరుకింట్లో కాపురం చేసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది!

అన్ని ఆటలూ ఇలా నెమ్మదైనవి కావు సుమా. పక్కింటావిడ చెబితే రంగు మిఠాయిల్లాంటివి పేల్చే ఆట ఒకటి పెట్టుకున్నాను. దానికి ప్రాణాలుంటాయి. అవి అయిపోతే ఆగాలి, లేదా డబ్బిచ్చి కొనుక్కోవాలి. ఓ రాత్రి నిద్రమత్తులో ఎక్కడ నొక్కానో, తెల్లారి చూస్తే ఖాతాలో 89 రూపాయలు పోయాయి. మావారికి చెప్పకుండా పాలవాడి లెక్కలో సర్దేశాను. ఆ ఆట తీసిపారేశాను. గీతలు కలిపే ఆటలోనూ ప్రకటనలు వస్తాయిగానీ, నెట్ కట్టేసి ఆడితే ఆ గోల ఉండదు. ఇది మా అమ్మాయి చెప్పిన చిట్కా.

ఇక అత్తయ్యగారి సంగతి. ఆవిడకి అప్పుడు డెబ్భైతొమ్మిదేళ్ళు. పెద్దవాళ్ళ నిద్ర మీకు తెలిసిందేగా, కోడికునుకు. ఓ రాత్రి రెండింటప్పుడు మంచినీళ్ళకని లేచి, హాల్లో నా ముఖం మీద వెలుగు చూశారు.

"ఏమిటమ్మాయ్ అది?"

దొంగలా దొరికిపోయాను. ఫోన్ దాచబోయాను. ఆవిడ వచ్చి పక్కన కూచుని, కళ్ళజోడు సర్దుకుని, చాలాసేపు చూశారు. తరువాత వేలు పెట్టి, "ఆ మూలది ఇటు తిప్పు. ఊఁ, దాని కిందది" అన్నారు. నేను పది నిమిషాలుగా కొట్టుకుంటున్న నగిషీ కలిసిపోయింది!

"ఇది మెలికల ముగ్గే కదే" అన్నారు.

అవును మరి! చుక్కల్ని కలిపే ముగ్గు కాదు, చుక్కల చుట్టూ గీత తిప్పుతూ పోయి బయలుదేరిన చోటికే వచ్చే ముగ్గు. తెగిన కొస ఉండకూడదన్నది మన వాకిట్లోనూ నియమమే. ఆ రాత్రినుంచి మేమిద్దరం కలిసి ఆడాం. తరువాత ఫ్లో ఫ్రీ అని ఇంకోటి పెట్టుకున్నాం. జతజతలుగా రంగు చుక్కలుంటాయి, ఒకే రంగు చుక్కల్ని గీతతో కలపాలి, గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు, గళ్ళన్నీ నిండాలి. అత్తయ్య ముందు అంచులనుంచి మొదలుపెట్టమనేవారు. అదే మంచి కిటుకు, మీరూ చేసి చూడండి.

ఓ రోజు పాల కవరు లెక్కలు రాసుకునే పుస్తకంలో ఆవిడ చుక్కలు పెట్టారు. "నాలుగు నాలుగు పెడితే గీత తెగుతుందమ్మాయ్. ఒక్క గీతలో రావాలంటే నాలుగు చుక్కలు మూడు వరుసలు పెట్టాలి." నిజంగానే నాలుగు వరుసలు నాలుగేసి చుక్కలు పెట్టి, మధ్యలో ఎక్కడా వంపు మార్చకుండా మెలికలు తిప్పితే నాలుగు వేరే వేరే గీతలు వస్తాయి. నాలుగు, మూడు అయితే ఒక్కటే. ఫోన్‌లో మా అమ్మాయికి చెబితే ఎగిరి గంతేసినంత పని చేసింది. "అమ్మా, అది గసాభా!" అంది. మనం స్కూల్లో చేసిన గరిష్ఠ సామాన్య భాజకమే. ఆరు, నాలుగు పెడితే గసాభా రెండు కాబట్టి రెండు గీతలు. ఐదు, నాలుగు పెడితే ఒకటి. పెన్సిల్ తీసుకుని ఇప్పుడే వేసి చూడండి, వంకాయలు తరువాత తరుక్కోవచ్చు. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషికి ఆ లెక్క చేతివేళ్ళలో ఉంది! మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరొమోనీ, రాణీ సిరొమోనీ దంపతులు 1970లలోనే తమిళుల ముగ్గుల్ని తీసుకుని, కంప్యూటర్‌కి అర్థమయ్యే వ్యాకరణంలో వాటినెలా రాయొచ్చో పరిశోధన చేశారట. ఆ మాట చెబితే అత్తయ్య, "చదువుకున్నవాళ్ళకి వేరే పని లేదూ" అని నవ్వారు. మొహం మాత్రం వెలిగిపోయింది.

ఇప్పుడు నేను దాటేసిన మాట చెప్పాలి. ఇంత ముగ్గు తెలిసిన మనిషి పాతికేళ్ళుగా వాకిట్లో ముగ్గు పెట్టలేదు. మావయ్యగారు 1997లో పోయారు. సంవత్సరీకాలు అయ్యాక వచ్చిన మొదటి ధనుర్మాసంలో, తెల్లవారుజామున అత్తయ్య కల్లాపి చల్లి, ముగ్గుడబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. మా ఆడపడుచు గుమ్మంలోంచి, "అమ్మా, ఇంకా నువ్వెందుకూ, నలుగురూ ఏమనుకుంటారు" అంది. అత్తయ్య ఏమీ అనలేదు. నేను వెళ్ళి ఆవిడ చేతిలో డబ్బా తీసుకున్నాను. మెల్లగానే తీసుకున్నాను, "మీరు కూచోండి అత్తయ్యా, నేను పెడతాను" అని మర్యాదగానే అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. ఆరోజు నేను పెట్టింది పత్రికలో చూసి పెట్టిన ముగ్గు. సందు చుక్క, 15 నుంచి 8 వరకు. వంకరగా వచ్చింది.

ఆడపడుచుది తప్పని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. డబ్బా తీసుకున్న చెయ్యి నాదే కదండీ!

కిందటి డిసెంబరుకి ముందటి డిసెంబరు, అంటే 2024లో, మా అమ్మాయి సెలవు మీద వచ్చి తన లాప్‌టాప్‌లో ఇంకో ఆట చూపించింది. ఎంగారే అని, 2017లో వచ్చింది, చేసినాయన ఇరాన్ దేశస్థుడు మెహ్దీ బహ్రామీ. అందులో తిరిగే చక్రాలూ, దొర్లే బంతులూ ఉంటాయి. వాటి మీద ఎక్కడో ఓ చోట మనం కలం పెట్టాలి. వస్తువు కదులుతుంటే కలం గీత గీస్తూ పోతుంది. వాళ్ళు చూపించిన నగిషీ రావాలంటే కలం ఎక్కడ పెట్టాలో ఊహించడమే ఆట. అలా పూసే పూలు, నక్షత్రాలు మసీదుల గోడల మీది రంగు పలకల్లా ఉంటాయి. హైదరాబాద్ పాతబస్తీలో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా చూసినవాళ్ళకి తెలుస్తుంది. ఆట అయ్యాక ఎవరికి తోచిన నగిషీ వాళ్ళు గీసుకునే వీలు కూడా ఉంది. అత్తయ్య దాని ముందు గంటసేపు కూచున్నారు. గీసి, చెరిపి, మళ్ళీ గీసి. చివరికి, "బాగానే ఉందిగానీ, పిండి లేదు" అన్నారు.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి డబ్బాలో బియ్యప్పిండి పోసి తెచ్చాను. ఏమీ మాట్లాడకుండా ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఆవిడ చాలాసేపు మూత తియ్యలేదు.

"నలుగురూ..." అన్నారు.

"ఆరోజు తీసుకున్నది నేనే అత్తయ్యా" అన్నాను. ఇంకేం అనాలో తెలియలేదు.

మాది అపార్ట్‌మెంట్ కదా, వాకిలంటే గుమ్మం ముందు నాలుగు బండల మేర. వంగలేరు కాబట్టి చిన్నపీట వేశాను. మర్నాడు తెల్లవారుజామున అత్తయ్య ఐదు చుక్కలు, నాలుగు వరుసలు పెట్టారు. చెయ్యి వణికింది. రెండు చోట్ల గీత లావైంది. కానీ ఎక్కడా ఆగలేదు, ఎత్తలేదు, బయలుదేరిన చుక్క పక్కకే వచ్చి కలిసింది. నెలంతా రోజూ పెట్టారు. నేను పక్కన నిలబడి పిండి అందించాను.

భోగి రోజు పొద్దున మా ఆడపడుచు వచ్చింది, పిల్లాపాపలతో. లిఫ్ట్ దిగి గుమ్మం ముందు ఆగి, ముగ్గుకేసి చూసింది.

"ఎవరు పెట్టారు వదినా?"

"అత్తయ్య" అన్నాను.

కాసేపు అలాగే నిలబడింది. తరువాత చెప్పులు గుమ్మం దగ్గర కాకుండా, అంత దూరంలో మెట్ల దగ్గర విడిచి, ముగ్గు తొక్కకుండా గోడవారగా నడిచి లోపలికి వచ్చింది.