హాజరు

నా బయోడేటాలో 2010 ఎండాకాలం లేదు. ఎం.ఏ. మొదటి సంవత్సరానికీ రెండో సంవత్సరానికీ మధ్య సెలవులు, అంతే. ఆ రెండు నెలలూ నేను పాశమైలారం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ హాల్లో రోజుకూలీగా పనిచేశాను. తెలుగు కథల్లో స్త్రీల శ్రమ కనిపించిన తీరు మీద పిహెచ్.డి. చేసినదాన్ని. ఆ విషయం మీద సెమినార్లలో గంటలకొద్దీ మాట్లాడినదాన్ని. కానీ ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు. కూలికి వెళ్లానని సిగ్గుపడి కాదు. నిజానికి ఇప్పటి యూనివర్సిటీ వాతావరణంలో అది చెప్పుకుంటే గౌరవమే దక్కుతుంది. చెప్పకపోవడానికి కారణం వేరే ఉంది.

మాది సంగారెడ్డి. నాన్న పనిచేసే చిన్న యూనిట్ మూతబడి అప్పటికి ఆరు నెలలు. అమ్మ కుట్టుమిషన్ మీద ఇల్లు నడుస్తోంది. హాస్టల్లో నా మెస్ బకాయి పెరిగిపోయింది. అది కట్టకపోతే రెండో సంవత్సరం చదువు ఉండదు. మా వీధిలో ఉండే ఒకామె "మా కంపినీల ఆడోళ్లను తీస్కుంటున్రు, చల్లగుంటది, వస్తవా?" అనడిగింది. వస్తానన్నాను. రోజుకు 110 రూపాయలు. వారంవారం శనివారం ఇస్తారు.

పొద్దున ఆరున్నరకు బస్సు. కంది, రుద్రారం దాటాక ఇస్నాపూర్ చౌరస్తాలో దిగి, షేర్ ఆటోలో పాశమైలారం. అప్పట్లో అది తొమ్మిదో నంబరు హైవే, ఇప్పుడు 65. అప్పటికి మాది మెదక్ జిల్లానే. సంగారెడ్డి పేరుతో జిల్లా 2016లో వచ్చింది. ఆటో దిగేసరికి మందుల వాసన ముక్కుల్లో నిండేది. రెండోవారానికి ఆ వాసన తెలియడం మానేసింది. ఇంటికొచ్చాక అమ్మ నా చున్నీ వాసన చూసి ఏమీ అనకుండా బకెట్లో నానబెట్టేది.

హాల్లో నిజంగానే చల్లగా ఉండేది. బయట ఎండ మండిపోతుంటే లోపల ఏసీ. అయితే ఆ చల్లదనం మా కోసం కాదు, మాత్రల కోసం. లోపలికి పోయే ముందు గాజులు తీయాలి, గోళ్లు చూపించాలి, జుట్టంతా టోపీలోకి తోయాలి. గాజులు తీయడం పెళ్లయినవాళ్లకు మొదట్లో ఎంత కష్టంగా ఉండేదో వాళ్లే చెప్పేవాళ్లు. ఒకామె గాజులు తీసి టిఫిన్ డబ్బా మూతలో పెడుతూ రోజూ కళ్లకద్దుకునేది. అయిదు గంటలకు షిఫ్టు అయిపోగానే అందరూ ఒకేసారి గాజులు తొడుక్కునేవాళ్లు. రోజు మొత్తంలో మా దగ్గర వినిపించే పెద్ద చప్పుడు అదే.

ఎందుకంటే లోపల మాట్లాడకూడదు. మిషన్ మీంచి వచ్చే స్ట్రిప్పుల్లో ఖాళీ గుంట ఉందేమో చూడాలి, విరిగిన మాత్ర ఉంటే పక్కన పడెయ్యాలి, మందు కాగితం మడిచి డబ్బాలో పెట్టాలి. మాట్లాడితే కళ్లు తప్పుతాయంటాడు సూపర్‌వైజర్. 2009 నవంబరు నుంచి తెలంగాణ కోసం ఉస్మానియా క్యాంపస్ నినాదాలతో మారుమోగుతుండేది. గొంతు పోయేదాకా అరిచి వచ్చినదాన్ని. ఆ హాల్లో ఎనిమిది గంటలు నోరు మూసుకుని కూర్చోవడం నాకు వింతగా ఉండేది. తర్వాత హాయిగా కూడా అనిపించింది. ఆ మాట ఒప్పుకోవాలి. సెలవులకు వచ్చినదానికి నిశ్శబ్దం విశ్రాంతిలాగే ఉంటుంది.

మధ్యాహ్నం అరగంట మాత్రం అందరం షెడ్డులో కూర్చుని తినేవాళ్లం. అక్కడ ఎవరికీ పేర్లుండేవి కావు. ఊరు పేరుతోనే పిలుపు. జోగిపేట చిన్నమ్మ, సదాశివపేట అక్క, ఖేడ్ అక్క, కాజిపల్లి వదిన. కాజిపల్లి వదిన పుట్టింటివాళ్లకు చెరువు కింద రెండెకరాలుండేదట. ఫ్యాక్టరీల నీళ్లొచ్చి చెరువు పాడయ్యాక వరి రాలేదు. "పొలం తిన్న కంపిన్లే బువ్వ పెడుతున్నయ్" అని నవ్వేది. ఇది ఆమె ఒక్కతె సంగతి కాదని నాకు తర్వాత చదివితే తెలిసింది. డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు పటాన్‌చెరులో వైద్యం చేస్తూ, 2020లో చనిపోయేవరకు ఈ నీళ్ల గురించి, ఈ పొలాల గురించి కొట్లాడుతూనే ఉన్నారు.

మూడోవారంలో సూపర్‌వైజర్ నా చేతిరాత చూశాడు. "ఎమ్మే చదువుతున్నవా? రేపటిసంది రిజిస్టర్ నువ్వు రాయి" అన్నాడు. రోజుకు ఓ గంట కుర్చీలో కూర్చుని హాజరు వేయడం. కూలి పెరగలేదు, కానీ కుర్చీ దొరికింది. రిజిస్టర్ తెరిస్తే అందులో ఇంటిపేర్లు లేవు. ఊర్లు లేవు. మా వరుసలో ముగ్గురు లక్ష్ములున్నారు. లక్ష్మి 1, లక్ష్మి 2, లక్ష్మి 3. ఖేడ్ అక్క లక్ష్మి 3. నాకు అది తప్పని తోచలేదు. నీట్‌గా గీతలు కొట్టి, అంకెలకు చుట్టూ సున్నాలు చుట్టి మరీ అందంగా రాశాను.

ఖేడ్ అక్కకు నలభై దాకా ఉంటాయి. నారాయణఖేడ్ దగ్గర పల్లె నుంచి వచ్చి ఇస్నాపూర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని పన్నెండేళ్ల కొడుకుతో ఉండేది. నన్ను బిడ్డా అనేది. తన డబ్బాలోంచి జొన్నరొట్టె, పచ్చికారం నాకు పెట్టేది. నీ పుస్తకాలల్ల ఏముంటదని అడిగితే ఒకసారి ఒక కథ చెప్పాను. విని, "గామె కూలి పైసలు ఎవరిచ్చిన్రు మల్ల?" అంది. కథలో ఆ సంగతి లేదు. నేనెప్పుడూ ఆలోచించనూ లేదు. నా సిద్ధాంత గ్రంథంలో చాలామంది మెచ్చుకున్న మూడో అధ్యాయం ఆ ప్రశ్న మీదే నడుస్తుంది. ఆ ప్రశ్న ఎవరిదో అందులో రాయలేదు.

మే 20, గురువారం. మధ్యాహ్నం మూడింటికి వాచ్‌మన్ వచ్చి చెప్పాడు, ఖేడ్ అక్క కొడుక్కి వడదెబ్బ కొట్టిందని, పక్కింటివాళ్లు గేటు దగ్గర ఉన్నారని. అక్క టోపీ విసిరేసి పరుగెత్తింది. గేట్ పాస్ కోసం ఆగలేదు. నాలుగున్నరకు నేను రిజిస్టర్ తీశాను. సగం రోజు వేయాలా, పూర్తిగా వేయాలా అని సూపర్‌వైజర్‌ని అడిగాను. "పాస్ లేకుండ వోయింది. ఆబ్సెంట్ వెయ్యి" అన్నాడు. ఆమె పొద్దున ఎనిమిది నుంచి నా పక్కనే ఉంది. నేను ఒక్క క్షణం ఆగినట్టు గుర్తు. ఆగాను గనక తప్పు తక్కువైందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత ఎర్రసిరాతో ఆబ్సెంట్ వేశాను. ఇంకో మూడువారాల కూలి వస్తేగానీ మెస్ బకాయి తీరదు.

అయిదింటికి అందరూ గాజులు తొడుక్కుంటున్నారు. ర్యాకులో ఒక డబ్బా మూత మిగిలిపోయింది. అందులో ఆకుపచ్చ గాజులు. అక్క పరుగులో మర్చిపోయింది. హాజరు లేదని నేను రాసిన మనిషి గాజులు అక్కడే ఉన్నాయి. రిజిస్టర్ ఇంకా బల్ల మీదే ఉంది. పెన్ను నా సంచిలోనే ఉంది. బస్సు తప్పిపోతుందని వెళ్లిపోయాను.

శనివారం డబ్బులు లెక్కపెట్టుకుని అక్క నా దగ్గరికొచ్చింది. కొడుకు కోలుకున్నాడు. "గురువారంది రాలే. నువ్వే రాసినవా బిడ్డా?" అంది. సార్ చెప్పిండన్నాను. ఆమె కాసేపు నా మొహం చూసి, "నీ చేతుల ఏమున్నది తీ" అని, ఎప్పటిలాగే రొట్టె తుంచి పెట్టింది. తిన్నాను. ఆ తర్వాత మూడువారాలూ రోజూ తిన్నాను. జూన్ రెండోవారంలో సెలవులు అయిపోయాయి. ఆమె ఊరి పేరు గానీ, ఇంటిపేరు గానీ అడగకుండానే హాస్టల్‌కు వెళ్లిపోయాను.

క్యాంపస్‌కు తిరిగి వెళ్లాక 'మనకు తెలియని మన చరిత్ర' మళ్లీ చదివాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని వాళ్ల నోటే చెప్పించి స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన పుస్తకం అది. పరిశోధన అంటే ఇలా పక్కన కూర్చుని వినడం అనుకున్నాను. పక్కన కూర్చుని హాజరు వేసినదాన్నని మాత్రం గుర్తు చేసుకోలేదు. కాంట్రాక్టరు ప్రతి కార్మికురాలి హాజరుకూ, వేతనానికీ పట్టీలు ఉంచాలని 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం నిబంధనల్లో ఉందని కూడా పిహెచ్.డి. చేస్తున్నప్పుడే తెలిసింది. పట్టీ ఉంది మరి, నేనే రాశాను. పట్టీ ఉండటం వేరు, అందులో మనిషి ఉండటం వేరు.

స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటకు వచ్చే నీళ్లలో ఏయే మందులున్నాయో కొలిచి ప్రకటించారు. ఒక్క సిప్రోఫ్లాక్సాసినే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. మేం స్ట్రిప్పులు చూసిన మాత్రల్లో అదీ ఒకటి. ఆ వ్యాసం చదువుతున్నప్పుడు నాకు మా రిజిస్టరే గుర్తొచ్చింది. నీళ్లలో కరిగిపోయిన మందుకు కూడా పేరు పెట్టి లెక్క తేల్చవచ్చు. ఆ మందును డబ్బాల్లో పెట్టిన ముగ్గురు ఆడవాళ్లకు ఒకటి, రెండు, మూడు.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం 2025 జూన్ 30. ఆ ఉదయం పాశమైలారంలో, మాత్రల తయారీలో వాడే సెల్యులోజ్ పొడి చేసే ఒక కర్మాగారంలో పేలుడు జరిగింది. నలభైమందికి పైగా చనిపోయారు. చాలామంది బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా వంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు. మొదటిరోజు లెక్క పూటపూటకూ మారింది. శరీరాలు గుర్తుపట్టడానికి డి.ఎన్.ఏ. పరీక్షలు చేయాల్సి వచ్చింది. టీవీలో ఆసుపత్రి బయట ఫొటోలు పట్టుకుని నిలబడ్డ కుటుంబాలను చూశాను.

పేపర్లో వచ్చిన పేర్లన్నీ చదివాను. ఖేడ్ అక్క కోసం వెతుకుతున్నానని చదవడం మొదలుపెట్టాక గానీ నాకే తెలియలేదు. ఆమెకిప్పుడు యాభై అయిదు దాటి ఉంటాయి. అది మా కంపెనీ కూడా కాదు. ఆమె అక్కడ ఉండే అవకాశం లేదని తెలుసు. అయినా వెతికాను. ఎవరికోసం వెతకాలి? నా దగ్గర ఉన్నది 'లక్ష్మి 3' అన్న రెండు మాటలు, నా చేతిరాతలో.

జూలైలో ఒక ఆదివారం ఇస్నాపూర్ వెళ్లాను. గదుల వరుసలు అపార్టుమెంట్లయ్యాయి. ఇద్దరు ముగ్గురిని అడిగాను. "ఏ లక్ష్మి?" అన్నారు. చెప్పలేకపోయాను.

ఇది క్షమాపణ అనుకోవడం లేదు. అడగాల్సిన మనిషి ఎదురుగా లేనప్పుడు క్షమాపణ మనకోసం మనం చెప్పుకునేదే అవుతుంది. నూటపది రూపాయలు కూడా ఇప్పుడు ఎవరికీ ఇవ్వలేను. ఒక్క సంగతి మాత్రం రాసి పెట్టగలను. 2010 మే 20, గురువారం, నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చిన ఒక అక్క, పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా నా పక్కన నిలబడి పనిచేసింది. ఆమె ఆ రోజు హాజరు.